రెండో ఆకు

ఆ ఆదివారం పొద్దున్న ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: వంటింట్లో పప్పు రుబ్బుతున్న అమ్మమ్మ భూషణమ్మ, పెరట్లో గిన్నెలు తోముతున్న అమ్మ లక్ష్మీకాంతం, వీధరుగు మీద కొబ్బరిపీచు మోపులు కడుతున్న నాన్న సూర్రావు, నడవాలో స్తంభం వెనక నిలబడి అందరి మాటలూ వింటున్న వకుళ, ఎవరి మాటా వినని నల్ల కోడిపెట్ట, నాలుగేళ్ళ తర్వాత హైదరాబాదు నుంచి వచ్చిన హైమ పిన్ని. పిన్ని ఒళ్ళో తడిగుడ్డ చుట్టిన చిన్న డబ్బా. ఆ డబ్బాలో, వేరుశెనగ కాయలంత మైనపు గదుల్లో, తలకిందులుగా నిద్రపోతున్న తొమ్మిది మంది రాణులు.

రాణుల్ని కూడా లెక్కలో వేసింది అమ్మమ్మే.

“ఇంటికొచ్చినవాళ్ళని లెక్కెట్టుకోకపోతే వంట చాలదే” అంది, డబ్బాలోకి తొంగి చూసి. “ఏం తింటారే వీళ్ళు?”

“ఇంకా పుట్టలేదమ్మా. పుట్టేక నువ్వే పెడుదువుగాని, పంచదార నీళ్ళు” అంది పిన్ని.

నిజానికి ఆ లెక్కలో వకుళ ఉండకూడదు. కాకినాడలో, ఆడపిల్లల పాలిటెక్నిక్ హాస్టల్లో, కిటికీ పక్క మంచం మీద ఉండాలి. చేరిన వారానికే జ్వరమని చెప్పి వచ్చేసింది. జ్వరం లేదు. భోజనాల హాల్లో అంతమంది ఒక్కసారి తలెత్తి చూస్తే ఆకలి చచ్చిపోవడం, ఎవరైనా పేరు అడిగితే గొంతు పూడుకుపోవడం, దుప్పటి ముఖం మీదికి లాక్కుంటే అందులో సబ్బు వాసన తప్ప మరే వాసనా లేకపోవడం, వీటన్నిటికీ కలిపి ఏం పేరు పెట్టాలో తెలియక జ్వరమంది. వచ్చే నెల మొదటి సోమవారం నాటికి రాకపోతే సీటు వేరే అమ్మాయికి ఇచ్చేస్తామని ప్రిన్సిపాల్ గారు నాన్నకి ఫోన్లో చెప్పారు. ఆ సోమవారానికి ఇంకా మూడు వారాలున్నాయి. రాత్రి డైరీలో తేదీ వేసేటప్పుడు మాత్రం వకుళకి ఆ మూడు వారాలూ మూడు రోజుల్లా కనిపిస్తున్నాయి.

పిన్ని వచ్చిన పని వేరు. ఊళ్ళో కొత్తగా తేనెటీగలు పెంచుతామన్నవాళ్ళు ఎనిమిది మంది తేలారు. వాళ్ళలో ఒక్కరికీ ఇంతవరకు ఈగ కుట్టిన అనుభవం కూడా లేదు. వాళ్ళకి పెద్ద పెట్టె ఇస్తే బెదిరిపోతారని పిన్ని చెప్పుల పెట్టెంత పెట్టెలు తయారుచేయించింది. నాన్న నడిపే పీచు కార్ఖానాలోనే, కొబ్బరిపీచు అదిమిన అట్టలతో. ఒక్కో పెట్టెలో అరచేయంత మైనపు పట్టులు రెండు, రెండు గుప్పెళ్ళ కూలీ ఈగలు, ఒక రాణి గది. రాణి పుట్టాక ఎండ బాగా కాసిన ఏదో ఒక మధ్యాహ్నం బయటికి ఎగురుతుంది. ఆకాశంలో మగ ఈగల్ని కలిసి తిరిగొస్తుంది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ గుడ్లు పెడుతుంది. అప్పుడు ఆ పెట్టె తీసుకెళ్ళి కొత్తవాళ్ళ చేతికి ఇవ్వడమే. రాణి ముదిరిపోయేదాకా ఎగరకపోతే ఇక ఎప్పటికీ ఎగరదు. గుడ్లు పెట్టినా మగవే పుడతాయి, తేనె తెచ్చేవి పుట్టవు. పెట్టె చచ్చిపోతుంది.

“అంటే మా రాణి గారు ఒక్కసారి బయటికెళ్ళొస్తే చాలంటారు” అన్నాడు, ఇదంతా వినడానికి వచ్చి అరుగు మీద కూర్చున్న పల్లంరాజు. ఆ ఎనిమిది మందిలో అందరికంటే హుషారైనవాడు ఆయనే. బస్సు కండక్టరుగా చేసి రిటైరై, నిలబడ్డచోట నిలబడలేక తేనెటీగలకి పేరిచ్చాడు.

“వెళ్తే చాలదు పల్లంరాజు గారూ, రావాలి. ఇంత చిన్న పెట్టె. పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. దారి తప్పుతారు, పిట్టలు తినేస్తాయి. మూడింట ఒకరు తిరిగి రారు.”

“ఆయ్! మరెలాగండి?”

పిన్ని సంచిలోంచి ఒక అట్ట కవరు తీసింది. అందులో తమలపాకులో నాలుగో వంతంత, పలచగా, ఉల్లిపొరలా మెరుస్తున్న రేకులు. “దీన్ని ఇంటాకు అంటాం. ఒక రాత్రి ఎక్కడ పెడితే అక్కడి వాసన నేర్చేసుకుంటుంది. నెల్లాళ్ళు ఆ వాసనే వేస్తుంది. పెట్టెలో ఒకటి పెడితే, ఎంత దూరం ఎగిరినా రాణికి తన ఇల్లేదో తెలుస్తుంది.”

“ఇది నా దగ్గర్నుంచి కొట్టేసిన విద్యండీ” అంది అమ్మమ్మ లోపల్నుంచి.

అది నిజమే. ఇంటికి కొత్త కోడి వస్తే అమ్మమ్మ దాన్ని చంకలో పెట్టుకుని రోలు చుట్టూ మూడుసార్లు తిప్పి, కాళ్ళు పొయ్యి బూడిదలో ముంచి వదులుతుంది. ఇక అది ఎక్కడ మేసినా సందెవేళకి ఇల్లు చేరుతుంది. చిన్నప్పుడు అది చూస్తూ పెరిగిన పిన్నికి, ప్రయోగశాలలో కూర్చున్న ఒక రోజున తట్టింది: కోడికి గుర్తుండేది తిప్పడం కాదు, బూడిద వాసన.

“నేను ఇల్లరికం వచ్చిన రోజున నన్నూ తిప్పే ఉంటారు అత్తగారు” అన్నాడు నాన్న మోపు బిగిస్తూ. “సంతకెళ్తే మూడయ్యేసరికి కాళ్ళు ఇటే లాగుతాయి.”

“నిన్ను తిప్పేంత బలం నాకెక్కడిది నాయనా. బూడిద మాత్రం రాసేను.”

ఒక్క నల్లపెట్ట దగ్గరే ఆ విద్య పారలేదు. పక్కింటి గడ్డివాములో గుడ్లు పెట్టి వస్తుంది. పిన్ని దగ్గర ఇంకో వస్తువు కూడా ఉందని తెలిసి అమ్మమ్మ దానికోసం పట్టుబట్టింది. ఆవగింజలో సగం ఉండే చుక్క అది. రాణి వీపు మీద అంటిస్తారు. పెట్టె గుమ్మానికి చిన్న కన్ను ఒకటి బిగిస్తారు. చుక్క ఆ కన్ను దాటిందంటే నడవాలో వేలాడగట్టిన గంట ణంగుమంటుంది. రాణి బయటికెళ్ళినా మోగుతుంది, లోపలికొచ్చినా మోగుతుంది. పిన్ని నవ్వుతూ ఒక చుక్క నల్లపెట్ట రెక్క కింద అంటించి, మిగిలిపోయిన కన్నొకటి వీధి తలుపుకి బిగించింది.

*

పెట్టెలకి రంగులు వేసే పని వకుళది. రాణులు రంగు చూసి ఇల్లు గుర్తుపడతారని పిన్ని చెప్పింది. పల్లంరాజు గారిది పసుపు. ఇంకో ఏడుగురివి ఏడు రంగులు. ఎవరిదీ కాని తొమ్మిదో పెట్టెకి కిటికీలకి వేయగా మిగిలిన నీలం. కొబ్బరి తోటలో కర్రలు పాతి, చీమలు ఎక్కకుండా ఆ కర్రల మొదట్లో కొబ్బరి చిప్పల్లో నీళ్ళు పోసి, వాటి మీద పెట్టెలు నిలబెట్టారు. రోజూ సాయంత్రం మూత తీసి పంచదార నీళ్ళు పోయడం అమ్మమ్మ వంతు. మిగిలిన ఇంటాకుల డబ్బా కూడా ఆవిడ దగ్గరే దాచమని ఇచ్చింది పిన్ని.

రాణులు పుట్టారు. నీలం పెట్టెలో రాణి మైనపు మూతని చుట్టూ కొరుక్కుంటూ, డబ్బా మూత తీసినట్టు తీసుకుని బయటికి రావడం వకుళ కళ్ళారా చూసింది. పొడుగ్గా, చింతగింజ రంగులో, నడుస్తుంటే మిగతా ఈగలు దారి ఇస్తున్నాయి. పిన్ని వకుళ చేతే చుక్క అంటింపజేసింది. మనుషుల ముందు వణికే వకుళ వేళ్ళు అప్పుడు వణకలేదు.

“ఇంక గంట కోసం చూడ్డమే” అంది పిన్ని.

వారం గడిచింది. ఎండలు బ్రహ్మాండంగా కాశాయి. గంట మోగింది. అందరూ అన్నం కంచాలు వదిలి తోటలోకి పరిగెత్తారు. నల్లపెట్ట వీధి గుమ్మంలో నిలబడి ఉంది. మర్నాడూ మోగింది. మళ్ళీ నల్లపెట్టే. మూడోనాటికి నాన్న కంచం ముందునుంచి లేవడం మానేశాడు. ఇంకో నాలుగు రోజులకి పిన్ని నవ్వడం మానేసింది.

పల్లంరాజు రోజూ వచ్చేవాడు. “మా రాణి గారు బయల్దేరారా అండి?”

“లేదండి.”

“బండి స్టార్టింగు ట్రబులేమోనండి. వెనకనుంచి తోయమంటారా?”

అందరూ నవ్వేవారు. పిన్ని కూడా నవ్వినట్టు చేసేది. హైదరాబాదులో ప్రయోగాలు చేసినప్పుడు ఇలా ఎన్నడూ జరగలేదు. ఆకు ఉన్న పెట్టెల్లో రాణులు వెళ్ళారు, చక్కగా తిరిగొచ్చారు. ఇక్కడ మాత్రం ఒక్కరూ గడప దాటడం లేదు. పిన్ని ఎండని అనుమానించింది, గాలిని అనుమానించింది, పీచు అట్టల్ని అనుమానించింది. రాణులు ముదిరిపోవడానికి ఇంకో వారం కూడా లేదు.

వకుళ మధ్యాహ్నాలు నీలం పెట్టె ముందు పీట వేసుకుని కూర్చునేది. రాణి గుమ్మం దాకా వచ్చేది. మీసాలు బయటికి చాచేది. వెలుతురు తగలగానే చప్పున వెనక్కి తిరిగిపోయేది. ఆ వెనక్కి తిరగడం చూస్తే వకుళకి ఎందుకో చెవులు వేడెక్కేవి.

అప్పటికే ఆమె కూడా ఒకసారి వెనక్కి తిరిగింది. నాన్న మోటారుసైకిల్ మీద తీసుకెళ్ళి బస్సు ఎక్కించబోతే, తలుపు దగ్గరదాకా వెళ్ళి, “నాన్నా, రేపు” అంది. నాన్న బండి తిప్పాడు. దారిలో బెల్లం జీళ్ళు కొనిపెట్టి తీసుకొచ్చాడు. అమ్మ కోప్పడింది. అమ్మమ్మ మాత్రం ఆ పూట గారెలు వండింది.

*

రెండోసారి ఒక్కతే బయల్దేరింది. సంచి చేత్తో పట్టుకుని కాలవ గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళి రోడ్డు పక్క బస్సు షెడ్డులో కూర్చుంది. ఎవరూ లేరు. ఈసారి ఎక్కేస్తానని గట్టిగా అనుకుంది. బస్సు వచ్చింది, చప్పుడు లేని కొత్త కరెంటు బస్సు. తలుపు తెరుచుకుని, ఎక్కమని తియ్యటి గొంతుతో పిలిచింది. వకుళ లేచి సంచి భుజానికి తగిలించుకుంది.

సంచి భుజానికి తగిలేసరికి పొయ్యిలో కొబ్బరిమట్ట కాలిన వాసన వచ్చింది. ఆ వెనకే తడిసిన పీచు వాసన. రుబ్బిన మినప్పప్పు వాసన. అమ్మమ్మ తలకి రాసుకునే నూనె వాసన. కళ్ళు మూసుకుంటే వంటింట్లో పీట మీద కూర్చున్నట్టే ఉంది. ఇంట్లో కూర్చున్న మనిషి ఎక్కడికైనా ఎందుకు వెళ్ళాలి? ఆమె కాళ్ళకి ఆ సంగతి అర్థం కాలేదు. బస్సు ఇంకోసారి పిలిచి, తలుపు మూసుకుని వెళ్ళిపోయింది.

ఎడమవైపు రోడ్డు మీద నీళ్ళ లారీ పోయింది. ఆ దుమ్ములో నిలబడి వకుళ మొదటిసారి తనని తాను అడిగింది: ఇంటికి ఇంత దూరంలో ఇల్లు ఎక్కణ్ణుంచి వస్తోంది?

సంచి బల్ల మీద కుమ్మరించింది. బట్టలు, సబ్బు పెట్టె, డైరీ. అన్నిటికీ అడుగున, ఓణీ మడతలో, ఉల్లిపొరల్లాంటి రేకులు. రెండు.

దాదాపు పరిగెత్తుతూ ఇంటికొచ్చింది. అమ్మమ్మ రోలు దగ్గర కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

“అప్పుడే వచ్చేసేవేంటే! ఎండన పడి వచ్చేవు, మజ్జిగ తాగు” అంది, ఏమాత్రం ఆశ్చర్యపోకుండా.

“అమ్మమ్మా, ఇవి నువ్వు పెట్టేవా?”

“నువ్వు బెంగెట్టుకోకుండా ఉంటావని పెట్టేను. ఒక రాత్రంతా పొయ్యిగట్టు మీద ఉంచి మరీ పెట్టేను. పిన్ని చెప్పినట్టే చేసేను కదా.”

“మరి రెండెందుకు?”

అమ్మమ్మ వెల్లుల్లి పాయ పక్కన పెట్టి, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు చూసింది. ఆ ఇంట్లో ఎవరికీ ఒకటి వడ్డించరు. ఒక గారె వేస్తే రెండోది వేస్తారు, వద్దన్నా వేస్తారు. ఒక గరిటె అన్నం పెట్టి ఆగరు. పాలు పోసే అబ్బికి మంచినీళ్ళు ఇచ్చినా రెండు గుక్కలు తాగాకే చెంబు తీసుకుంటుంది అమ్మమ్మ.

“ఒకటి ఎలా పెడతానే? నువ్వేమన్నా పగదానివా?”

వకుళ తోటవైపు చూసింది. పంచదార నీళ్ళు, సాయంత్రాలు, మూతలు తీసే చేయి.

“అమ్మమ్మా. పెట్టెల్లో...”

“మరి! పాపం, కళ్ళు తెరవని పసిపిల్లలు. పిన్ని ఒక్కొక్క ఆకే పెట్టి ఊరుకుంది. దానికి చదువొచ్చింది గానీ పెట్టడం రాలేదు. తలా ఇంకోటి నేను వేసేను.”

*

పిన్నికి ఈ సంగతి చెప్పడానికి వకుళకి మామూలుగా అయితే సాయంత్రం పట్టేది. గుమ్మం దగ్గర నిలబడి, ఎవరైనా ఏమిటని అడిగేదాకా ఎదురుచూసేది. ఆ రోజు అడిగేవాళ్ళ కోసం ఆగలేదు. పెట్టెల మధ్య తల పట్టుకు కూర్చున్న పిన్ని చెయ్యి లాగి, అరచేతిలో రెండు ఆకులూ పెట్టింది.

“ఇవి రెండుంటే నేను బస్సెక్కలేకపోయేను పిన్నీ. వాళ్ళ దగ్గర కూడా రెండున్నాయి.”

పిన్ని పసుపు పెట్టె మూత తీసింది. రెండు. ఆకుపచ్చ పెట్టెలో రెండు. నీలంలో రెండు. తొమ్మిదీ చూసి, నేల మీద చతికిలబడి, నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

“ఒకటుంటే ‘ఇది నీ ఇల్లు’ అని చెబుతుందే. రెండు దగ్గరగా ఉంటే ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. వాసన పదింతలవుతుంది. అప్పుడు ‘ఇది తప్ప ఇంకేం లేదు’ అని చెబుతుంది. పాపం, ఎలా వెళ్తారు? బయటంటూ ఒకటుందనే వాళ్ళకి తెలీదు.” కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. “ఒకటి తీసేద్దాం. ఒకటి ఉంచుదాం.”

“ఒకటి తీస్తే చాలా?” అంది వకుళ. “పెట్టెలన్నీ పీచువి. పీచు దేని వాసనైనా పీల్చేస్తుంది, ఈపాటికి ఆ అట్టలే ఒక ఆకై ఉంటాయి. నాన్న చొక్కాలు చూడు.”

పిన్ని తీసిన పెట్టె మూతని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉంది. తర్వాత రెండు ఆకులూ తీసేసింది. తొమ్మిది పెట్టెల్లోంచీ తీసేసింది. తన నాలుగేళ్ళ పని గుప్పిట్లో పట్టుకుని ఇంట్లోకి నడిచింది.

విషయం తెలిశాక అమ్మమ్మ ఒలిచిన వెల్లుల్లి ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేసుకుంది.

“అయితే వాసన తగుల్తుంటే కదలబుద్ధి కాదంటావు” అంది చివరికి.

“అంతేనమ్మా.”

“మరి నీ దిండు కింద ఉన్నదేంటే?”

పిన్ని తలెత్తింది. పక్కలు ఎత్తేది అమ్మమ్మే అన్న సంగతి హైదరాబాదులో నాలుగేళ్ళుండి మర్చిపోయినట్టుంది.

“అది... మొదటి ఆకమ్మా. నేను ఇక్కణ్ణుంచి వెళ్ళేటప్పుడు నీ చీర ఒకటి తీసుకెళ్ళేను కదా, దాంతో నేర్పించేను. వాసన తగ్గితే మళ్ళీ ఆ చీర మడతలోనే పెట్టేదాన్ని. బెంగొచ్చినప్పుడు దాని మీద తల పెట్టుకుంటే, వచ్చి వెళ్ళినట్టే ఉండేది.”

“ఓహో” అంది అమ్మమ్మ. “నేనేమో నీకు పనెక్కువై రావట్లేదనుకున్నాను.”

ఆ మాట మెల్లగానే అంది. అమ్మ స్టవ్ మీద పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడిపోయింది. నాన్నే కల్పించుకున్నాడు.

“అత్తగారూ, నా చొక్కా ఒకటి కూడా పట్టుకెళ్ళమనండి. అంత వాసనేస్తే హైదరాబాదే ఖాళీ అవుతుంది.”

పిన్ని నవ్వబోయి ఏడ్చేసింది. అమ్మమ్మ ఆమె తల ఒళ్ళోకి లాక్కుని, “ఇదిగో, అసలుది. నెల్లాళ్ళకి అరిగిపోదు” అంది.

*

మర్నాడు పొద్దున్న మబ్బేసింది. మధ్యాహ్నం అన్నాలయ్యేసరికి విడిచింది. కొబ్బరాకుల మధ్యనుంచి ఎండ ముక్కలు ముక్కలుగా పెట్టెల మీద పడింది. పల్లంరాజు గొడుగు మీద గడ్డం ఆనించి తన పసుపు పెట్టె ముందు కాపలా కూర్చున్నాడు. వకుళ నీలం పెట్టె ముందు.

రాణి గుమ్మం దాకా వచ్చింది. మీసాలు చాచింది. వెనక్కి తిరిగింది.

కూలీ ఈగలు దారి ఇవ్వలేదు. ఇన్నాళ్ళూ ఆమె ఎటు నడిస్తే అటు తప్పుకున్నవి, ఇప్పుడు గుమ్మానికి అడ్డంగా తలలు పెట్టి నిలబడ్డాయి. ఒకటి కాలు పట్టుకు లాగింది. ఇంకోటి రెక్క కొరికింది. నాలుగైదు కలిసి వెనకనుంచి నెట్టాయి. రాణి ఒకసారి పక్కనుంచి దూరబోయింది. మళ్ళీ నెట్టాయి. అంచు మీద కాళ్ళు జారి, పడబోయి, రెక్కలు విప్పింది.

ణంగ్.

“కోడా?” అని అరిచాడు నాన్న లోపల్నుంచి.

“కాదు నాన్నా!” వకుళ అంత గట్టిగా అరవడం పక్కింటివాళ్ళు కూడా వినడం అదే మొదటిసారి. “వెళ్ళింది! నీలం వెళ్ళింది!”

మళ్ళీ ణంగ్. తర్వాత ఒకదాని వెనక ఒకటి. పల్లంరాజు పసుపు పెట్టె వంక వంగి, “మా వాళ్ళూ తోస్తున్నారండి! నేను చెప్పలేదూ, తోయాలని!” అన్నాడు. తన రాణి ఎగరగానే లేచి నిలబడి, చేతులు గాల్లో ఊపుతూ “రైట్, రైట్!” అని ఆకాశంలోకి కేకేశాడు. పాతికేళ్ళు బస్సు వెనక నిలబడి అరిచిన గొంతు. కొబ్బరి చెట్ల మీది కాకులు లేచాయి.

వెళ్ళడం అయింది. ఇక రావాలి. ఆకులు లేవు. ముందు ఆకుపచ్చ వచ్చింది, ఆ తర్వాత ఎరుపు. గంట మోగిన ప్రతిసారీ అమ్మ వేలు మడిచింది. ఎండ పసుపు పచ్చగా మారేసరికి పల్లంరాజు ముఖం పాలిపోయింది. అప్పుడొచ్చింది ఆయన రాణి. ముందు పక్క పెట్టె మీద వాలి, కాదనుకుని, రంగు చూసుకుని ఇల్లు దూరింది.

“స్టాపు దాటిపోయి వెనక్కొచ్చిందండి” అన్నాడాయన కళ్ళు తుడుచుకుని.

నీలం పెట్టె రాణి రాలేదు. దీపాల వేళ దాకా చూశారు. వకుళ లేచి వచ్చేసినా అమ్మమ్మ ఆ పీట మీదే ఉండిపోయింది. తర్వాత వచ్చి చేతులు కడుక్కుంటూ, “ఎటు పోయిందో పిచ్చిది” అంది. ఆ రాత్రి ఎవరికీ ఆకలి లేదని చెప్పినా వినకుండా అందరికీ రెండేసిసార్లు వడ్డించింది.

వారం తిరిగేసరికి ఎనిమిది పెట్టెల్లోనూ గదికొక గుడ్డు, బియ్యపు నూకలా నిలబడి కనిపించింది. నీలం పెట్టెలోని అనాథ ఈగల్ని పల్లంరాజు గారి పసుపు పెట్టెలో కలిపారు. ఎనిమిది మందీ వచ్చి పెట్టెలు పట్టుకెళ్ళారు. గుడ్డు ఎలా చూడాలో, ఎండకి వీపు పెట్టి పట్టు ఎలా ఎత్తి పట్టుకోవాలో వాళ్ళకి చూపించింది వకుళే. నేల చూపులు చూస్తూనే చూపించింది. కానీ చూపించింది.

పిన్ని ప్రయోగశాలకి ఫోన్ చేసి, ఇంటాకు ఇప్పుడే బయట ఎవరికీ ఇవ్వొద్దని, వాసన సగానికి సగం తగ్గించాలని చెప్పింది. అవతలివాళ్ళు కారణం అడిగితే, “మా అమ్మ ఒకటి పెట్టదు. అలాంటి అమ్మలు దేశంలో చాలామంది ఉంటారు” అంది.

*

సోమవారం వచ్చింది. పల్లంరాజు గొడుగుతో సహా గేటు దగ్గర నిలబడ్డాడు, బస్సు దాకా తోడొస్తానని.

అమ్మ సంచి సర్దింది. అమ్మమ్మ సున్నుండల డబ్బా తెచ్చింది. పైన విడిగా రెండు ఉండలు కాగితంలో చుట్టి, “ఇవి బస్సులో” అంది. తర్వాత సంచి తన ముందుకి లాక్కుని, సర్దిందంతా తీయడం మొదలుపెట్టింది.

“ఏంటమ్మా మళ్ళీ?” అంది అమ్మ.

అమ్మమ్మ బట్టలు ఒక్కొక్కటే దులిపింది. చేతిరుమాలు మడత విప్పింది. అందులో ఒక ఆకు.

“ఇది నేను పెట్టలేదు” అంది.

అందరూ వకుళ వైపు చూశారు. వకుళ కాలి బొటనవేలు వైపు చూసింది.

“ఒకటే అమ్మమ్మా” అంది గొణుగుతూ. “ఒకటైతే ఫరవాలేదని పిన్ని చెప్పింది కదా.”

అమ్మమ్మ ఆ ఆకుని వెలుతురుకి ఎత్తి చూసింది. పిన్ని దిండు కింది ఆకు కూడా ఆవిడ కొంగు ముడిలోనే ఉంది, నిన్న పిన్నే ఇచ్చింది, ఇక నెలకోసారి వస్తానని మాటిస్తూ. రెండూ కలిపి పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి పొయ్యిలో వేసింది. చిటపటలాడి కాలాయి. ఇల్లంతా కొబ్బరిమట్ట పొగ, తడి పీచు, రుబ్బిన పప్పు, తలనూనె వాసన వేసింది. ఎప్పుడూ ఉండే వాసనే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

“తినేవి రెండు. అవి మాత్రం ఒకటి కూడా వద్దు. పద” అంది.

వకుళ సంచి తగిలించుకుంది. సంచికి సంచి వాసనే వస్తోంది. వెళ్ళొస్తానని అమ్మకి చెప్పింది, నాన్నకి చెప్పింది, పిన్నికి చెప్పింది. వీధి గడప దాటి ఒక్క మెట్టు దిగింది.

లోపల గంట ణంగుమంది.

నల్లపెట్ట గేటు మీద కూర్చుని ఉంది. వకుళ వెనక్కి తిరిగి చూస్తే పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. సంచి పట్టీ మీద ఆవగింజలో సగమంత చుక్క మెరుస్తోంది.

“వచ్చినప్పుడూ మోగాలి మరి” అంది పిన్ని.

“రైట్, రైట్!” అన్నాడు పల్లంరాజు గేటు దగ్గర్నుంచి.

వకుళ రెండో మెట్టు దిగింది. మూడోది దిగబోయి ఆగింది. “నా దువ్వెన...” అంటూ వెనక్కి తిరిగి, రెండు మెట్లూ ఎక్కేసింది.

గుమ్మంలో అమ్మమ్మ నిలబడి ఉంది. ఆవిడ వెనక అమ్మ, పిన్ని, నాన్న, భుజం భుజం ఆనించుకుని. ఎవరూ పక్కకి తప్పుకోలేదు.

“కాకినాడలో దువ్వెనలు అమ్ముతారు” అంది అమ్మమ్మ.

“ఒక్కసారి అమ్మమ్మా. ఒక్కసారి లోపలికొచ్చి...”

“ఇంటి వాసన కావాలనిపించినప్పుడు ఇంటికి రా” అంది అమ్మమ్మ. రెండు రెక్కలూ దగ్గరికి లాగి, మనవరాలి ముఖం మీదే తలుపు వేసేసింది.